మూడు వారాలు, రెండు కరెన్సీలు: నగదు ఎంత, కార్డు ఎంత, రోజువారీ లెక్క ఎలా?

మూటాముల్లె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య వచ్చే నెల మూడు వారాల ప్రయాణం పెట్టుకున్నాం. మొదటి పది రోజులు వియత్నాంలో, తర్వాతి పదకొండు రోజులు జపాన్‌లో ఉంటాం. విమానం టికెట్లు కొన్నాం, హోటళ్లు బుక్ చేశాం. ఇక మిగిలింది చేతి ఖర్చే గాని, నిజం చెప్పాలంటే నన్ను భయపెడుతున్నది కూడా అదే.

ఇంతకు ముందు ఒకసారి విదేశం వెళ్లినప్పుడు, విమానం ఎక్కబోయే ముందు విమానాశ్రయంలోని కౌంటర్‌లో ఉన్న డబ్బంతా మార్చేశాను. మొదటి నాలుగు రోజులు పొదుపుగా గడిపి, తర్వాత లెక్క తప్పి, చివరి రెండు రోజులు కార్డుతో నెట్టుకొచ్చాను. తిరిగి వచ్చాక స్టేట్‌మెంట్ తెరిస్తే, కార్డుతో చేసిన ప్రతి ఖర్చు కిందా నేను ఊహించని మరో చిన్న కోత కనిపించింది. మిగిలిన నాణేలను మార్చుకుందామంటే ఏ కౌంటరూ తీసుకోలేదు, అవి ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి.

ఈసారి నగదు ఎంత తీసుకెళ్లాలి, ఎక్కడ మార్చుకోవాలి, కార్డును ఎప్పుడు వాడాలి అన్నవి నా సందేహాలు. వీటికి తోడు, వియత్నాం డాంగ్‌లోని అన్నన్ని సున్నాలతో రోజువారీ బడ్జెట్‌ను ఎలా అదుపులో పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. మరో చిన్న విషయం: పదేళ్ల క్రితం జపాన్ వెళ్లి వచ్చిన బంధువు ఒకరు తన దగ్గర మిగిలిన మూడు పదివేల యెన్ నోట్లు నాకు ఇచ్చారు. ఈమధ్య అక్కడ కొత్త నోట్లు వచ్చాయని విన్నాను. ఈ పాతవి చెల్లుతాయా?

పద్దుపుస్తకం

మూటాముల్లె గారూ, మీరు పోయినసారి పోగొట్టుకున్నది మార్పిడి రేటు బాగాలేకపోవడం వల్ల మాత్రమే కాదు. రేటు గురించి అందరూ వారాల ముందు నుంచే ఆలోచిస్తారు గాని, అసలు నష్టం యంత్రం ముందు నిలబడి తొందరలో నొక్కే ఒక్క మీట దగ్గర జరుగుతుంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందుగా కౌంటర్ల విషయం చూద్దాం.

మార్పిడి కౌంటర్ బోర్డు మీద ప్రతి కరెన్సీకీ రెండు అంకెలుంటాయి: వాళ్లు కొనే ధర, వాళ్లు అమ్మే ధర. ఉదాహరణకు కొనేది 96, అమ్మేది 104 అనుకుందాం. మీరు 104 ఇచ్చి ఒక యూనిట్ కొని, ఖర్చు చేయకుండానే దాన్ని అక్కడే తిరిగి అమ్మితే మీ చేతికి 96 వస్తుంది. అంటే ఎక్కడికీ కదలకుండానే దాదాపు 7.7 శాతం పోయినట్టు. ‘కమీషన్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, కమీషన్ ఆ రెండు అంకెల మధ్యే దాగి ఉంటుంది. కాబట్టి కౌంటర్‌ను అంచనా వేయాలంటే వాళ్ల రేటు ఎంత అన్నది కాక, ఆ రెండు అంకెల మధ్య ఎడం ఎంత అన్నది చూడండి. విమానాశ్రయాల్లో ఆ ఎడం సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. అక్కడ మార్చక తప్పకపోతే మొదటి రోజు రవాణాకు, భోజనానికి సరిపడా మార్చుకుని బయటపడండి.

ఇక ఆ మీట సంగతి. విదేశంలో ఏటీఎంలో కార్డు పెట్టి, పిన్ కొట్టి, మొత్తం ఎంచుకున్నాక చాలాసార్లు ఒక తెర వస్తుంది. మీరు కోరిన మొత్తం మీ సొంత కరెన్సీలో ఎంతవుతుందో పైసలతో సహా చూపించి, ఈ రేటుకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకునే మీట పెద్దగా, ఆకుపచ్చగా ఉంటుంది. ఒప్పుకోని మీటను ఒక్కోసారి ఏ మూలనో పెడతారు, దాని మీది మాటలు చదివితే లావాదేవీయే రద్దవుతుందేమో అన్న అనుమానం వస్తుంది. రద్దు కాదు. ఒప్పుకోకపోయినా డబ్బు వస్తుంది. తేడా అల్లా మార్పిడి ఎవరు చేస్తారన్న దగ్గరే ఉంది. ఒప్పుకుంటే ఏటీఎం నడిపేవాళ్లు తమకు నచ్చిన రేటు వేసుకుంటారు. ఒప్పుకోకపోతే వీసా, మాస్టర్‌కార్డ్ వంటి కార్డు నెట్‌వర్క్ రేటు వర్తిస్తుంది, దాని మీద మీ బ్యాంకు అదనంగా వేసుకునే శాతం, అంటే మార్కప్, ఉంటే అది కలుస్తుంది. రెండోదే దాదాపు ఎప్పుడూ చవక. దుకాణాల్లోని కార్డు యంత్రాల మీదా ఇదే ప్రశ్న వస్తుంది. కొన్నిసార్లు కౌంటర్‌లోని వ్యక్తి మిమ్మల్ని అడగకుండానే మీ బదులు మీట నొక్కేస్తారు కూడా. అందుకే కార్డు ఆనించే ముందే తెర మీద ఏ కరెన్సీ కనిపిస్తోందో చూసి, అక్కడి కరెన్సీలోనే తీసుకోమని చెప్పండి. యూరోపియన్ యూనియన్ అయితే ఇలా మార్చేవాళ్లు తాము వేసుకునే అదనపు భారాన్ని, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుతో పోల్చి శాతంలో చూపించాలని 2020 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. మీ స్టేట్‌మెంట్‌లో కనిపించిన ఆ చిన్న కోత మీ బ్యాంకు మార్కప్ అయి ఉంటుంది. మీట దగ్గర పోయే డబ్బు అలా విడిగా కనిపించను కూడా కనిపించదు.

ఏటీఎం రుసుములు చాలాచోట్ల విడతకు ఇంత అని స్థిరంగా ఉంటాయి. రుసుము 300 అనుకుంటే, 3,000 తీసినప్పుడు అది పదో వంతు, 30,000 తీసినప్పుడు నూరో వంతు. కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయడం కంటే మూడు నాలుగు రోజులకు ఒకసారి తీయడం మేలు. తీసేది డెబిట్ కార్డుతోనే తీయండి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, కొనుగోళ్లకు దొరికే గడువు దానికి ఉండదు.

నా సలహా అడిగితే, పెద్ద ఖర్చులన్నీ కార్డు మీద, చిల్లర ఖర్చులు నగదుతో పెట్టండి. నగదును అక్కడి ఏటీఎంల నుంచి తీసుకోండి.

ఉత్తరగాలి

పద్దుపుస్తకం గారు చెప్పినదంతా నిజమే గాని, వియత్నాం విషయంలో రేట్ల కంటే ముందు నోట్ల గురించి చెప్పాలి. అక్కడ నాణేలు వాడుకలో లేవు, అంతా నోట్లే. పదివేల డాంగ్ నుంచి పైనున్నవన్నీ పాలిమర్ నోట్లు, అన్నిటి మీదా హో చి మిన్ బొమ్మే ఉంటుంది. వీటిలో 20,000 నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. ఛాయలో, పరిమాణంలో తేడా ఉంది గాని, మసక వెలుతురులో, వెనక వరుస కట్టిన జనం తొందరపెడుతుంటే అది తెలియదు. రెండింటి విలువకూ తేడా ఇరవై అయిదు రెట్లు.

ఒక సాయంత్రం బస్సు టికెట్ల కిటికీ దగ్గర నేను నీలం నోటొకటి ఇచ్చాను. లోపలున్న ఆవిడ దాన్ని తీసుకోకుండా బల్ల మీద పరిచి, చేతిలోని పెన్నుతో ఒక్కో సున్నానూ తాకుతూ నాకు చూపించింది. అయిదు సున్నాలు. నేను ఇవ్వాల్సిన నోటు మీద నాలుగే ఉండాలి. ఆవిడకు దండం పెట్టి సరైన నోటు ఇచ్చాను గాని, అంతకు ముందు రెండు రోజుల్లో ఎక్కడెక్కడ ఎన్ని అలా ఇచ్చానో మాత్రం ఇప్పటికీ తెలియదు. నా లెక్కలో తేలని మొత్తం ఒకటి అప్పటికే ఉంది మరి.

ఆ రాత్రి నుంచి నేను చేసిన పని చాలా చిన్నది. లక్ష, అంతకు పైబడిన నోట్లను పర్సులో వెనక అరలోకి, మిగతావాటిని ముందు అరలోకి మార్చాను. చిల్లర చెల్లింపులకు వెనక అర తెరిచే పనే లేదు. మీరిద్దరు ఉన్నారు కాబట్టి పెద్ద నోట్లు ఒకరి దగ్గర, చిన్నవి ఒకరి దగ్గర ఉంచుకున్నా సరిపోతుంది.

సున్నాల గురించి మీరు అంతగా భయపడనక్కర్లేదు. అక్కడివాళ్లే చివరి మూడు సున్నాలను వదిలేసి మాట్లాడతారు. ధరల పట్టికలో ‘50’ అనో, ‘50K’ అనో ఉంటే అది యాభై వేల డాంగ్ అని అర్థం. మీరూ అలాగే వెయ్యినే ఒక యూనిట్‌గా తీసుకుంటే అంకెలు చేతికందే పరిమాణంలోకి వస్తాయి. అంకెల విషయంలో దీనికి నేరుగా తిరగబడిన సంగతి కువైట్‌లో చూశాను. అక్కడ దినార్‌కు 1,000 ఫిల్స్ కావడంతో చుక్క తర్వాత మూడు అంకెలు రాస్తారు. 2.500 అంటే రెండున్నర దినార్లు. దాన్ని రెండు వేల అయిదు వందలుగా చదివి నేను కాసేపు గుండె పట్టుకుని నిలబడ్డాను.

అరచేతిలోగీత

జపాన్ గురించి పద్దుపుస్తకం గారితో కొంచెం విభేదిస్తున్నాను. పెద్ద నగరాల్లో కార్డు బాగానే చెల్లుతుంది గాని, చిన్న భోజనశాలలు, గుళ్ల ప్రవేశ రుసుములు, పల్లె బస్సులు నగదే అడగడం ఇంకా మామూలే. రైళ్లకు, బస్సులకు వాడే సుయికా, పాస్మో, ఇకోకా వంటి కార్డులలో డబ్బు నింపే యంత్రాలు కూడా చాలావరకు నగదే తీసుకుంటాయి. అందుకని అక్కడ చేతిలో నగదు ఎప్పుడూ ఉండాలి. దాని కోసం ఇక్కడినుంచే యెన్‌లు మూటగట్టుకుని వెళ్లాల్సిన పనిలేదు. సెవెన్-ఇలెవెన్ దుకాణాల్లోని సెవెన్ బ్యాంక్ ఏటీఎంలు, తపాలా కార్యాలయాల ఏటీఎంలు విదేశీ కార్డులను తీసుకుంటాయి.

మీ బంధువు ఇచ్చిన పదివేల నోట్లు నిశ్చింతగా వాడుకోండి. 2024 జులై 3న కొత్త నోట్లు విడుదలైన మాట నిజమే. కొత్త పదివేల నోటు మీద షిబుసావా ఎయిచి బొమ్మ ఉంది, మీ దగ్గరున్న వాటి మీద ఫుకుజావా యుకిచి బొమ్మ ఉంటుంది. రెండూ చెల్లుతాయి. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తర్వాత దుకాణాల్లో చెల్లడం ఆగిపోయింది. క్రొయేషియా అయితే 2023 జనవరి 1న కూనాను పూర్తిగా వదిలి యూరోకు మారిపోయింది. ఎవరైనా పాత ప్రయాణంలో మిగిలిన నోట్లు ఇస్తే ఆ దేశపు కేంద్ర బ్యాంకు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది.

నాణేల విషయం ఇంకొకటి. అక్కడ 500 యెన్ వరకు నాణేలే ఉంటాయి. జేబు బరువెక్కడం కాదు, జేబులో ఎంత ఉందో గుర్తించకపోవడం అసలు ఇబ్బంది. వీటిలో అయిదు యెన్ నాణెం మీద విలువ జపనీస్ లిపిలోనే ఉంటుంది, మనకు తెలిసిన అంకె ఉండదు. ఇత్తడి రంగులో, మధ్యలో చిల్లుతో కనిపిస్తే అది అయిదు. చిల్లు ఉండి వెండి రంగులో ఉంటే యాభై.

మూటాముల్లె

ఇంత ఓపికగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ ఆకుపచ్చ మీటను పోయినసారి నేను ప్రతిచోటా నొక్కాననే ఇప్పుడు అర్థమవుతోంది. మరో రెండు అనుమానాలు మిగిలాయి. హోటల్‌లో దిగేటప్పుడు గది అద్దె ముందే కట్టేసినా కార్డు అడుగుతారు కదా, అప్పుడు పట్టి ఉంచే మొత్తాన్ని బడ్జెట్‌లో ఎలా చూడాలి? అలాగే, రోజుకు ఇంత అని పెట్టుకున్నది మూడో రోజుకే చెదిరిపోకుండా ఏం చేయాలి?

గోరంత

మొదటి ప్రశ్న తేలికైనది. హోటల్ వాళ్లు, కారు అద్దెకిచ్చేవాళ్లు కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతారు గాని అప్పటికి వసూలు చేసుకోరు. క్రెడిట్ కార్డు ఇస్తే మీ పరిమితిలో అంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు ఇస్తే మాత్రం మీ ఖాతాలోని అసలు డబ్బే కదలకుండా పడి ఉంటుంది, గది ఖాళీ చేశాక అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. వరుసగా మూడు హోటళ్లు మారితే ముగ్గురు పట్టి ఉంచిన మొత్తాలూ ఒకేసారి ఇరుక్కుని, ఏటీఎం దగ్గర ‘తగిన నిల్వ లేదు’ అని రావచ్చు. కాబట్టి హోటళ్లలో క్రెడిట్ కార్డు, ఏటీఎంలో డెబిట్ కార్డు అని గీత గీసుకోండి. రెండు కార్డులనూ ఒకే పర్సులో పెట్టకండి.

రెండో ప్రశ్న మీద కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. వస్తువు చూసిన ప్రతిసారీ దాని ధరను మన డబ్బులోకి మార్చి, ఇది ఎక్కువా తక్కువా అని బేరీజు వేస్తారు. రోజుకు యాభైసార్లు ఆ గుణకారం చేసేసరికి అలసట వస్తుంది, అలసట వచ్చాక లెక్క వదిలేస్తారు. మీరన్న మూడో రోజు అదే. దీనికి బదులు ధరలను మార్చడం మానేసి మీ బడ్జెట్‌నే ఒక్కసారి అక్కడి కరెన్సీలోకి మార్చుకోండి. బయల్దేరే ముందే ‘వియత్నాంలో మా ఇద్దరికీ రోజుకు ఇన్ని వేల డాంగ్‌లు, జపాన్‌లో ఇన్ని యెన్‌లు’ అని ఒక కాగితం మీద రాసుకోండి. అక్కడ దిగాక మన కరెన్సీని మరిచిపోండి. ‘ఇది మన డబ్బులో ఎంత’ అన్న ప్రశ్న స్థానంలోకి ‘ఇది ఈ రోజు వాటాలో ఎంత’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు దొరకడానికి గుణకారం అక్కర్లేదు.

ఆ మొత్తాన్ని మార్చేటప్పుడు ఫోన్‌లో కనిపించే రేటును అలాగే వాడకండి. అది బ్యాంకులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే ధరల నడిమి రేటు, మీకూ నాకూ దొరికేది కాదు. మార్కప్, రుసుముల కింద నాలుగైదు శాతం ముందే తీసేసి, మిగిలినదాన్ని మార్చండి. తర్వాత మొత్తంలో పదో వంతు పక్కన పెట్టి, అది లేదనుకోండి. మందుల దుకాణం, తప్పిపోయిన రైలు వంటివి దానిలోంచి వెళ్తాయి.

రోజులన్నీ సమానం కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. దిగిన రోజున సిమ్, రవాణా కార్డు, టాక్సీ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఊరు మారే రోజుల్లోనూ అంతే. అలాంటి రోజులకు వాటా ఒకటిన్నర రెట్లు వేసుకుని, ఊరికే తిరిగే రోజులకు తగ్గించండి. అప్పుడు మొదటి రోజే ‘బడ్జెట్ దాటిపోయాం’ అన్న నిస్పృహ ఉండదు.

పద్దు రాయడానికి రసీదులు పోగు చేయడం నా వల్ల కాలేదు. నేను చేసేది ఇది: పొద్దున పర్సులో ఉన్న నగదుకు ఆ రోజు ఏటీఎంలో తీసినది కలిపి, రాత్రి పర్సులో మిగిలినది తీసేస్తాను. వచ్చినదే ఆ రోజు నగదు ఖర్చు. దేనికి పెట్టానో తెలియదు గాని ఎంత పెట్టానో ఖచ్చితంగా తెలుస్తుంది, బడ్జెట్‌కు అది చాలు. కార్డు ఖర్చును బ్యాంకు సందేశాల్లో చూసి దాని కింద వేస్తాను. ఏటీఎంలో తీసినప్పుడే దాన్ని ఖర్చుగా రాసి, పర్సు లెక్కలో మళ్లీ రాయడం అన్నది నేను మొదట్లో చేసిన పొరపాటు. రెండు వారాలు గడిచాక, ఉన్న డబ్బు కంటే ఎక్కువ ఖర్చు చేసినట్టు కాగితం మీద తేలేసరికి ఆ సంగతి బయటపడింది!

పద్దుపుస్తకం

జపాన్‌లో నగదు విషయమై అరచేతిలోగీత గారు చేసిన సవరణను ఒప్పుకుంటున్నాను. నా అనుభవం ఎక్కువగా పెద్ద నగరాలదే.

మిగిలిన డబ్బు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. ఏ కరెన్సీకైనా దాని సొంత దేశంలోనే మంచి ధర ఉంటుంది, సరిహద్దు దాటాక దాన్ని కొనేవాళ్లు తగ్గుతారు. డాంగ్‌లు మిగిలితే వియత్నాంలోనే ఖర్చు చేయండి, లేదా అక్కడే మార్చేయండి. జపాన్ చేరాక వాటితో యెన్‌లు కొనాలనుకుంటే మీకు ముందు చెప్పిన ఆ రెండు అంకెల ఎడం మరీ పెద్దదిగా కనిపిస్తుంది. కొన్ని దేశాల్లో ఇది ధర విషయం మాత్రమే కాదు, చట్టం కూడా. ట్యునీసియా దినార్లను ఆ దేశం నుంచి బయటికి తీసుకుపోవడమే నిషేధం.

నోట్లనైతే ఏదో ఒక కౌంటర్ తీసుకుంటుంది, నాణేలను తీసుకోదు. మీ సొరుగు కథకు కారణం అదే. జపాన్‌లో చివరి రెండు రోజులు చెల్లింపు ఏదైనా ముందు నాణేలు బయటికి తీయండి. ఆఖరి రోజున హోటల్‌లో ఏమైనా కట్టాల్సి ఉంటే చేతిలో ఉన్న నగదంతా అక్కడ ఇచ్చి, తక్కువ పడినది కార్డుతో తీసుకోమని అడగండి. చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు.

మూటాముల్లె

అందరి మాటలూ కలిపి ఇలా అనుకున్నాం. రెండు దేశాల్లోనూ దిగిన రోజుకు సరిపడా మాత్రమే విమానాశ్రయంలో తీసుకుని, మిగతాది నాలుగు రోజులకోసారి ఏటీఎం నుంచి డెబిట్ కార్డుతో, మార్పిడిని ఒప్పుకోకుండా తీస్తాను. హోటళ్లలో క్రెడిట్ కార్డు ఇస్తాను, అది నా భార్య సంచిలో ఉంటుంది. రోజు వాటాలను నిన్న రాత్రే రాశాం. దిగే రోజులకు, హనోయ్ నుంచి దక్షిణానికి వెళ్లే రోజుకు, టోక్యో నుంచి క్యోటో వెళ్లే రోజుకు ఒకటిన్నర రెట్లు వేసేసరికి, ఊరికే తిరిగే రోజుల వాటా మేం అనుకున్నదానికంటే బాగా తగ్గింది. క్యోటోలో ఒక రాత్రి తగ్గించుకోవాలా అని ఇప్పుడు ఇంట్లో చర్చ నడుస్తోంది. డాంగ్ నోట్ల కోసం రెండు అరల పర్సు మాత్రం అప్పుడే కొనేశాం.